కార్బన్ మార్కెట్‌లో ఉన్న ఫ్యాక్టరీ విస్తరిస్తే కాలుష్యం పెరగదంటున్నారు, నమ్మవచ్చా?

సున్నపురాయి_సీమ
మాది హుజూర్‌నగర్ వైపు. మండలంలోని ఒక సిమెంట్ ఫ్యాక్టరీ రెండో ఉత్పత్తి లైను వేయబోతోంది. ప్రజాభిప్రాయ సేకరణకు నోటీసు వచ్చింది. దానికి ముందే కంపెనీ వాళ్లు ఊళ్లో సమావేశం పెట్టారు. మేము దుమ్ము గురించి, లారీల గురించి, క్వారీ పేలుళ్లకు బీటలు వారిన గోడల గురించి అడిగితే వేదిక మీది ప్రతినిధి ఒకటే మాట పట్టుకున్నారు. "కేంద్రం తెచ్చిన కార్బన్ క్రెడిట్ల పథకంలో మేమూ ఉన్నాం. లక్ష్యం దాటితే మార్కెట్‌లో క్రెడిట్లు కొనాలి. అందువల్ల విస్తరణతో కాలుష్యం పెరిగే ప్రసక్తే లేదు" అన్నారు. జనం మారుమాట్లాడలేకపోయారు. ఆ మాటను పట్టుకుని ఎదురు ప్రశ్న వేయగలిగినవాళ్లు మా ఊళ్లో ఎవరూ లేరు.

వాతావరణం మారుతోందని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, ఎండలు చూస్తూనే ఉన్నాం. పరిశ్రమ వద్దని కూడా అనడం లేదు, మా ఇళ్లలో సగం మంది కూలి అక్కడిదే. కానీ ఈ క్రెడిట్ల కొనుగోలు, అమ్మకంతో పొగ నిజంగా తగ్గుతుందా? తగ్గితే ఎక్కడ తగ్గుతుంది? రాతపూర్వకంగా అభ్యంతరాలు ఇవ్వడానికి ఇంకా గడువుంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జడ్చర్ల_జంక్షన్
లక్ష్యం దాటితే కొనాలి అంటే, డబ్బుంటే దాటవచ్చనే కదా. ఇందులో అర్థం కానిది ఏముంది?

లెక్కల_మాస్టారు
అంత తేలిగ్గా కొట్టేయకండి జడ్చర్ల తమ్ముడూ. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఫ్యాక్టరీలలో ఇంధన తనిఖీలు చేశాను, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

రెండు ఫ్యాక్టరీలు ఉన్నాయనుకోండి. ఒకదానిలో టన్ను కార్బన్ డయాక్సైడ్ తగ్గించడానికి మూడు వందల రూపాయలు చాలు. రెండోది ఇప్పటికే కొత్త యంత్రాలు పెట్టుకుంది, దానికి ఇంకో టన్ను తగ్గించాలంటే మూడు వేలు. ఇద్దరినీ చెరో టన్ను తగ్గించమంటే ఖర్చు మూడు వేల మూడు వందలు. మొదటిదే రెండు టన్నులు తగ్గించి, ఒక టన్ను క్రెడిట్‌ను రెండోదానికి అమ్మితే పని ఆరు వందలలో పూర్తవుతుంది. గాలిలోకి పోయే వాయువు రెండు సందర్భాల్లోనూ అంతే తగ్గింది. కార్బన్ డయాక్సైడ్ హుజూర్‌నగర్‌లో తగ్గినా గుజరాత్‌లో తగ్గినా భూమి వేడికి తేడా లేదు కాబట్టి ఈ ఏర్పాటు చెల్లుతుంది. అమెరికాలో ఆమ్ల వర్షాలకు కారణమైన గంధకపు వాయువును ఇలాగే తగ్గించారు. 1990లో చట్టం, 1995 నుంచి అమలు. అనుకున్నదానికంటే తక్కువ ఖర్చుతో పని జరిగింది.

మన దగ్గర 2012 నుంచి 'పాట్' అనే పథకం ఉండేది, అది ఇంధన పొదుపు సర్టిఫికెట్ల వ్యాపారం. 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి, 2023 జూన్‌లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకాన్ని ప్రకటించారు. 2025 అక్టోబరులో మొదటి విడతగా అల్యూమినియం, సిమెంట్, క్లోర్-ఆల్కలీ, కాగితం రంగాల్లోని 282 యూనిట్లకు లక్ష్యాలు ఇచ్చారు. అందులో 186 సిమెంట్‌వే. లక్ష్యం చేరుకోక, క్రెడిట్లూ కొనకపోతే సగటు మార్కెట్ ధరకు రెండింతలు పర్యావరణ పరిహారం కట్టాలి. కంపెనీ చెప్పిందంతా గాలిమాటలని కొట్టిపారేయలేం.

కిల్న్_పక్కన
మాస్టారు, ఆ లక్ష్యం దేని మీద పెట్టారో కూడా చెప్పండి. అసలు సంగతి అక్కడే ఉంది. నేను సిమెంట్ ఫ్యాక్టరీలోనే పనిచేస్తాను, ఏ ఫ్యాక్టరీయో అడగవద్దు.

మన పథకంలో మొత్తం ఇన్ని టన్నులే వదలాలన్న పరిమితి లేదు. టన్ను ఉత్పత్తికి ఇన్ని కిలోలు అన్న లెక్క మాత్రమే ఉంది. ఉదాహరణకు ఒక ఫ్యాక్టరీ నిరుడు 10 లక్షల టన్నుల సిమెంట్ చేసింది, టన్నుకు 700 కిలోల చొప్పున 7 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలింది అనుకుందాం. లక్ష్యం 670. రెండో లైను వచ్చాక ఉత్పత్తి 18 లక్షల టన్నులు, టన్నుకు 650 కిలోలు. మొత్తం 11 లక్షల 70 వేల టన్నులు. అంటే గాలిలోకి పోయేది నాలుగున్నర లక్షల టన్నులకు పైగా పెరిగింది. అయినా లక్ష్యం కంటే టన్నుకు 20 కిలోలు తక్కువ కాబట్టి టన్నుకు ఒకటి చొప్పున 36 వేల క్రెడిట్లు అమ్ముకోవచ్చు. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవే, పద్ధతి మాత్రం ఇదే.

"పెరిగే ప్రసక్తే లేదు" అన్న మాట ఈ పథకం ప్రకారమే నిలవదు.

సున్నపురాయి_సీమ
కిల్న్ అన్నా, అంటే పొగ పెంచి, పైగా అమ్ముకుని డబ్బు కూడా తీసుకోవచ్చా?

కిల్న్_పక్కన
టన్నుకు తగ్గిస్తే తీసుకోవచ్చు. నిబంధనలకు లోబడే.

జడ్చర్ల_జంక్షన్
ఒక్కో బీడీలో పొగాకు తగ్గించి రోజుకు కట్ట బదులు రెండు కట్టలు తాగినట్టుంది.

లెక్కల_మాస్టారు
బీడీ లెక్క ఇక్కడ అతకదు. బీడీ ఎవరికీ అవసరం లేదు, సిమెంట్ అవసరం. మన దేశంలో ఇంకా పక్కా ఇల్లు లేనివాళ్లు కోట్లలో ఉన్నారు, వంతెనలు కట్టాలి, కాలువలకు లైనింగ్ చేయాలి. ఇప్పుడే మొత్తానికి పరిమితి పెడితే ఎదుగుదల ఆగుతుంది. 2005తో పోలిస్తే 2030 నాటికి ఆర్థిక వ్యవస్థ ఉద్గార తీవ్రతను, అంటే రూపాయి ఉత్పత్తికి వదిలే వాయువును, 45 శాతం తగ్గిస్తామని దేశం ఇచ్చిన మాట కూడా ఇదే తరహాది. వదిలేదీ పీల్చుకునేదీ సమానమయ్యే నికర సున్నాకు గడువు 2070. చైనా కూడా 2021లో తన జాతీయ మార్కెట్‌ను తీవ్రత లెక్కతోనే మొదలుపెట్టింది. ఇంతకాలం వదిలిన పొగలో ఎక్కువ భాగం ధనిక దేశాలదైనప్పుడు, పాలమూరు నుంచి వలస వెళ్లి అపార్ట్‌మెంట్లు కట్టే కూలీ తనకంటూ ఇల్లు కట్టుకోవడానికి పరిమితి పెట్టడం న్యాయమా?

పాలమూరు_పాఠాలు
మాస్టారు గారూ, న్యాయం గురించి మీరన్నది ఒప్పుకుంటాను. అయితే ఆ కూలీ పేరు చెప్పి ఫ్యాక్టరీకి సడలింపు అడగడం నాకు నచ్చలేదు. అతనికి ఇల్లు రాకపోవడానికి కారణం సిమెంట్ కొరత కాదు.

నేను మహబూబ్‌నగర్‌లో డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతాను. ఈ మార్కెట్లు పనిచేస్తాయా అని పిల్లలు అడిగితే ఐరోపా కథ చెబుతాను. 2005లో మొదలుపెట్టారు. కంపెనీలు కోరినన్ని పొగ వదిలే అనుమతులు ఉచితంగా పంచేశారు. అవసరం కంటే ఎక్కువయ్యాయని లెక్క తేలగానే ధర కుప్పకూలింది, 2007లో దాదాపు సున్నా. తరువాత ఆర్థిక మాంద్యం వచ్చి చాలా ఏళ్లు టన్ను ధర పది యూరోల లోపే పడి ఉంది. ఆ ధరకు ఏ యాజమాన్యమూ కొత్త యంత్రం కొనదు. ఇంకా అన్యాయం ఏమిటంటే, ఉచితంగా వచ్చిన అనుమతుల విలువను కూడా విద్యుత్ కంపెనీలు కరెంటు ధరలో కలిపి జనం దగ్గర వసూలు చేశాయి.

అక్కడితో కథ ముగియలేదు. మొత్తం పరిమితిని ఏటా తగ్గిస్తూ వచ్చారు. మిగులు అనుమతులను పక్కకు తీసే ఏర్పాటు 2019లో పెట్టారు. 2023 ఫిబ్రవరిలో ధర వంద యూరోలు తాకింది. ఆ పథకం కింద ఉన్న రంగాల ఉద్గారాలు 2023 నాటికి 2005తో పోలిస్తే సుమారు 47 శాతం తగ్గాయి. సౌర, పవన విద్యుత్తుకు ఇచ్చిన ప్రోత్సాహకాల వాటా కూడా అందులో ఉంది, అంతా మార్కెట్ గొప్పతనం కాదు. నేను అనేది ఒక్కటే: లక్ష్యం బిగువుగా ఉంటేనే మార్కెట్‌కు బలం ఉంటుంది. మనది మొదటి మూడేళ్లు ఎలా నడుస్తుందో చూడకుండా మెచ్చుకోవడం, తిట్టడం రెండూ తొందరపాటే.

జడ్చర్ల_జంక్షన్
అక్కా, అయితే ఈ వేలంవెర్రి ఎందుకు? బొగ్గు మీద పన్ను వేస్తే అందరికీ ఒకటే ధర, దళారి ఉండడు, లెక్కల మాయ ఉండదు.

పాలమూరు_పాఠాలు
వేశారు తమ్ముడూ. 2010లో టన్ను బొగ్గుకు 50 రూపాయల సుంకం. 2014లో 100, 2015లో 200, 2016లో 400 చేశారు. ఆ డబ్బు స్వచ్ఛ ఇంధన నిధికి అన్నారు, చాలా భాగం ఖర్చే కాలేదు. 2017లో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల పరిహార నిధిలో కలిపేశారు. 2025 సెప్టెంబరులో ఆ 400 తీసేసి, బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి మార్చారు. పన్నుతో ధర ముందే తెలుస్తుంది, అది మేలు. కానీ వచ్చిన డబ్బు ఎటు పోతుందన్న ప్రశ్న పన్నులోనూ ఉంది. కెనడాలో ఇంటింటికీ తిరిగి పంచారు, అయినా రాజకీయంగా నిలవక 2025 ఏప్రిల్ నుంచి వినియోగదారుల మీద పన్ను ఎత్తేశారు.

గద్వాల_చేనేత
మీ చర్చ బాగుంది కానీ బస్తా ధర పెరుగుతుందా లేదా? మా తమ్ముడికి ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది. పునాది అయింది, గోడలు లేస్తున్నాయి. ప్రభుత్వం ఇచ్చే ఐదు లక్షలకే లెక్క తేలడం లేదు. కంపెనీ మీద పడే క్రెడిట్ల ఖర్చు చివరికి మా మీదికే తోస్తారు కదా.

లెక్కల_మాస్టారు
గద్వాల చెల్లెమ్మా, లెక్క వేద్దాం. 50 కిలోల బస్తా వెనుక సుమారు 30 నుంచి 35 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. క్రెడిట్ ధర టన్నుకు 800 రూపాయలు అనుకుందాం, అంటే కిలోకు 80 పైసలు. మొత్తానికి ధర కట్టాలంటే బస్తాకు సుమారు 24 నుంచి 28 రూపాయలు పడుతుంది. కానీ మన పథకంలో లక్ష్యం కంటే ఎక్కువైన ముక్కకే క్రెడిట్లు కొనాలి. టన్నుకు 20 కిలోలు ఎక్కువ వదిలినా, బస్తాకు ఒక కిలో. అంటే 80 పైసలు. ఆ పేరు చెప్పి బస్తాకు పది రూపాయలు పెంచితే అది కార్బన్ ఖర్చు కాదు, లాభం.

గద్వాల_చేనేత
ఈ లెక్క దాచుకుంటాను. దుకాణంలో ఆ మాట అంటే చూపిస్తాను.

కిల్న్_పక్కన
మాస్టారు లెక్క సరైనదే. ఆ 80 పైసల్లోనే ఇంకో సంగతి ఉంది. అంత చిన్న ఖర్చు కోసం యాజమాన్యం కోట్లు పెట్టి కిల్న్, అంటే రాయి కాల్చే బట్టీ, మారుస్తుందా, క్రెడిట్లు కొనేసి ఊరుకుంటుందా?

ఇంకో చిక్కు మా పరిశ్రమకే ప్రత్యేకం. బొగ్గు బదులు చెత్త కాల్చినా, సౌర విద్యుత్ వాడినా తగ్గేది కొంతే. వంద కిలోల మేలి సున్నపురాయిని కాలిస్తే అందులోంచే 44 కిలోల వాయువు లేస్తుంది. సున్నపు బట్టీల కాలం నుంచీ అదే రసాయనం. రాయిని కాల్చగా వచ్చే గడ్డలను క్లింకర్ అంటారు, వాటిని పొడి చేస్తేనే సిమెంట్. ఒక టన్ను క్లింకర్‌కు అర టన్ను పైన వాయువు రాయి నుంచే వస్తుంది. తగ్గించడానికి చేతిలో ఉన్న దారి క్లింకర్ శాతం తగ్గించి బూడిద కలపడం. పీపీసీ సిమెంట్‌లో 35 శాతం దాకా థర్మల్ కేంద్రాల బూడిద కలపవచ్చు. మన ప్రాంతంలో బూడిదకు కొదవ లేదు.

దామరచర్ల_దారి
బూడిదకు కొదవ లేదన్నారు కాబట్టి మా సంగతీ చెప్పాలి. వీర్లపాలెం దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రం, 800 మెగావాట్లవి ఐదు యూనిట్లు, మొత్తం 4,000 మెగావాట్లు. దేశంలో కార్బన్ డయాక్సైడ్ అందరికంటే ఎక్కువ వదిలేది బొగ్గు విద్యుత్ రంగమే. మరి మాస్టారు చెప్పిన నాలుగు రంగాల్లో అది లేదేమిటి? పెద్దవాడిని గేటు బయట నిలబెట్టి చిన్నవాళ్లకు పరీక్ష పెడితే దాన్ని మార్కెట్ అని ఎలా అంటారు? చైనా విద్యుత్ రంగంతోనే మొదలుపెట్టింది, మనం దాన్నే వదిలేశాం.

పైగా అదే కేంద్రం బూడిద కలిపినందుకు సిమెంట్ కంపెనీ లక్ష్యం చేరుకుంటుంది. బూడిద లారీల దుమ్ము మాత్రం మా రోడ్డు మీద.

లెక్కల_మాస్టారు
విద్యుత్తును చేర్చితే కరెంటు ఛార్జీలు కదులుతాయి, డిస్కంలు ఇప్పటికే నష్టాల్లో ఉన్నాయి. అందుకే వెనుకాడారని నా అంచనా. అయినా చేర్చాల్సిందే. ఈ విషయంలో దామరచర్ల వైపే నేనూ.

మిర్యాలగూడ_వడ్లు
ఫ్యాక్టరీలు వదిలి ఒక్క క్షణం పొలంలోకి రండి. వరి మడిలో నీళ్లు నిలిస్తే మీథేన్ వస్తుందట, వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు వేడి పుట్టిస్తుందట. ఒక సంస్థ తరఫున యువకులు వచ్చి పొలంలో రంధ్రాల గొట్టం పాతమన్నారు. గొట్టంలో నీళ్లు మట్టం కంటే 15 సెంటీమీటర్లు దిగేదాకా ఆగి మళ్లీ తడి పెట్టాలి, పూత దశలో మాత్రం ఆరనివ్వకూడదు. అలా చేస్తే క్రెడిట్ల డబ్బులో వాటా ఇస్తామన్నారు.

పద్ధతి మంచిదే, నీళ్లు ఆదా అవుతాయి, వేరు బలంగా దిగుతుంది. నా సందేహం వేరు. నాది సాగర్ ఎడమ కాలువ చివరి భూమి. మాకు వారబందీ, కొన్ని రోజులు నీళ్లు వదులుతారు, కొన్ని రోజులు ఆపుతారు. పొలం ఎలాగూ ఆరుతుంది. ఎలాగూ ఆరే పొలాన్ని ఆరబెట్టానని కాగితం మీద రాసి, ఆ క్రెడిట్‌ను ఎవరో కొని, దాని బదులు అక్కడ పొగ వదిలితే ఎవరిని మోసం చేసినట్టు?

పాలమూరు_పాఠాలు
మిర్యాలగూడ అన్నా, ఈ వ్యాపారానికి ప్రాణం లాంటి ప్రశ్న అడిగారు. క్రెడిట్ లేకపోయినా జరిగే పనికి క్రెడిట్ ఇస్తే గాలిలో ఏ తగ్గుదలా ఉండదు. 2024లో వెర్రా అనే అంతర్జాతీయ నమోదు సంస్థ చైనాలోని 37 వరి ప్రాజెక్టులను ఇలాంటి లోపాల కారణంగానే తిరస్కరించింది.

ఇంతకంటే పెద్ద కుంభకోణం పాతది. వాతావరణంపై దేశాలు చేసుకున్న క్యోటో ఒప్పందం కాలంలో హెచ్‌ఎఫ్‌సీ-23 అనే వాయువును నాశనం చేస్తే బోలెడు క్రెడిట్లు వచ్చేవి. అది ఒక శీతలీకరణ రసాయనం తయారీలో ఉప ఉత్పత్తి. అసలు సరుకు కంటే క్రెడిట్లే లాభమని కొన్ని ఫ్యాక్టరీలు ఆ వాయువు ఎక్కువ పుట్టేలా నడిపి మరీ నాశనం చేశాయి. 2013 నుంచి ఐరోపా వాటిని తీసుకోవడం మానేసింది.

మిర్యాలగూడ_వడ్లు
అయితే బోరు కింద సాగు చేసేవాళ్లకు ఇది న్యాయంగా వర్తిస్తుంది. 2018 నుంచి 24 గంటల ఉచిత కరెంటు, మోటారు ఆపేవాడే లేడు. అక్కడ నిజంగా అలవాటు మారాలి. వాళ్లకు డబ్బిచ్చినా నాకు అభ్యంతరం లేదు.

దేవరకొండ_బత్తాయి
మోటారు ఆపేవాడు లేడనడం అన్యాయం. మా వైపు బోర్లలో నీళ్లుంటే కదా ఆపడానికి.

మా దగ్గరికి చెట్ల క్రెడిట్ల వాళ్లు వచ్చారు. తోట గట్ల మీద మొక్కలు పెడితే డబ్బన్నారు. నేను ఆగాను, మా బావమరిది సంతకం పెట్టాడు. ఒప్పందం పూర్తిగా ఇంగ్లీషులో ఉంది. దశాబ్దాల పాటు చెట్టు కొట్టకూడదట. కార్బన్ హక్కులన్నీ సంస్థవట. ఖర్చులు పోను మిగిలినదాంట్లో రైతుకు వాటా అట, ఆ ఖర్చులు ఎంతో రాయలేదు. ఇప్పుడు కూతురి పెళ్లికి ఆ చెక్క అమ్ముకుందామంటే కుదురుతుందో లేదో చెప్పేవాళ్లు లేరు, వచ్చిన యువకుడి ఫోను పలకడం లేదు.

నాగర్‌కర్నూల్_న్యాయవాది
దేవరకొండ అన్నా, ముందు ఆ ఒప్పందం నకలు, సంతకం చేసిన ప్రతి పేజీ, మీ బావమరిది దగ్గర ఉందో లేదో చూడండి. లేకపోతే రిజిస్టర్డ్ పోస్టులో అడగమనండి. చెట్టు చనిపోతే బాధ్యత ఎవరిది, భూమి అమ్మితే కొన్నవాడికి ఈ షరతులు వర్తిస్తాయా, వివాదం వస్తే ఏ ఊరి కోర్టు లేదా మధ్యవర్తి, ఈ మూడు విషయాలు వెతకండి. వివాదం మరో రాష్ట్రంలో తేల్చుకోవాలని రాసి ఉంటే రైతు ఓడినట్టే. కౌలు రైతు పరిస్థితి ఇంకా కష్టం. నీళ్లు ఆరబెట్టేది అతను, పాస్‌బుక్ భూయజమాని పేరు మీద, వాటా ఎవరికి వెళుతుందో ఊహించండి.

మరీ నిరాశ పడనక్కర్లేదు. ఉమ్మడి ఆదిలాబాద్‌లోని పవర్‌గూడ అనే గిరిజన గ్రామ మహిళలు కానుగ నూనెతో 147 టన్నుల కార్బన్ తగ్గింపు చూపించి, 2003లో ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు అందుకున్నారు. మొత్తం చిన్నదే. కానీ అమ్మింది సంఘం, డబ్బు వచ్చింది సంఘానికి. ఒంటరి రైతు సంతకం పెట్టడానికీ, సంఘం బేరమాడడానికీ తేడా అక్కడ ఉంది.

దేవరకొండ_బత్తాయి
నకలు లేదట. ఇవాళే అడిగించాను. పోస్టు పంపిస్తాం.

చర్చా_నిర్వాహకుడు
ఒప్పందాల విషయం విడిగా కొత్త చర్చగా మొదలుపెట్టండి, చాలామందికి పనికివస్తుంది. ఇక్కడ సున్నపురాయి_సీమ గారి గడువు దగ్గరపడుతోంది. ఫ్యాక్టరీ సంగతికి రండి.

సున్నపురాయి_సీమ
నిర్వాహకులకు ధన్యవాదాలు. నా రెండో ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. కార్బన్ సంగతి సరే, మా ఇంటి మీద పడే దుమ్ము మాటేమిటి?

పాలమూరు_పాఠాలు
ఆ రెండూ పూర్తిగా వేర్వేరు, సమావేశంలో వాటిని కలిపేయడమే తప్పు. కార్బన్ డయాక్సైడ్ ఎక్కడ తగ్గినా ఒకటే అని మాస్టారు అన్నారు, అది నిజం. దుమ్ము అలా కాదు, అది పడ్డ ఊరినే బాధిస్తుంది. మీ ఫ్యాక్టరీ రాజస్థాన్ ఫ్యాక్టరీ దగ్గర క్రెడిట్లు కొంటే, అక్కడి కిల్న్ బాగుపడుతుంది. దానితో పాటు తగ్గే దుమ్ము, బొగ్గు పొగ కూడా అక్కడే తగ్గుతాయి. మీకు మిగిలేది రసీదు.

దుమ్ముకు మార్కెట్ పెట్టిన ఊరు కూడా ఉంది. సూరత్‌లో 2019లో పరిశ్రమల పొగలోని ధూళికణాల మీద మొత్తం పరిమితి పెట్టి అనుమతుల వ్యాపారం మొదలుపెట్టారు, ప్రపంచంలో ధూళికి అదే మొదటిది. అందులో చేరిన ఫ్యాక్టరీల ధూళి 20 నుంచి 30 శాతం తగ్గిందని పరిశోధకులు తేల్చారు. అక్కడ ఫ్యాక్టరీలన్నీ ఒకే నగరం చుట్టూ ఉన్నాయి, పరిమితి మొత్తం మీద ఉంది, పొగ గొట్టాల్లో మీటర్లు నిరంతరం కొలిచాయి. ఆ మూడూ ఉంటే వ్యాపారం కూడా మేలు చేస్తుంది. మీ దగ్గర చెబుతున్న పథకం దుమ్మును ముట్టుకోనే ముట్టుకోదు.

లెక్కల_మాస్టారు
దీనితో పూర్తిగా ఏకీభవిస్తాను. దుమ్ముకు 1981 వాయు చట్టం ఉంది, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి షరతులు ఉన్నాయి. కార్బన్ క్రెడిట్ వాటికి బదులు కాదు. అయినా పథకాన్ని తీసిపారేయడానికి నేను ఒప్పుకోను. 2026 జనవరి నుంచి ఐరోపా తన సరిహద్దు దగ్గర ఉక్కు, అల్యూమినియం, సిమెంట్, ఎరువుల మీద కార్బన్ ధర లెక్కిస్తోంది. ఇక్కడ కట్టిన ధరను అక్కడ మినహాయించుకునే వీలుంది. మన దగ్గర వ్యవస్థ లేకపోతే ఆ డబ్బంతా వాళ్ల ఖజానాకే.

దామరచర్ల_దారి
మన సిమెంట్ ఐరోపాకు ఎంత పోతుంది మాస్టారు? అది ఉక్కు, అల్యూమినియం వాళ్ల బాధ. మా రోడ్డు మీద తిరిగే బస్తాలు హైదరాబాద్‌కు, విజయవాడకు పోతాయి.

కిల్న్_పక్కన
ఐరోపా కోసం కాకపోయినా, లోపల ఉన్నవాడిగా ఒక మంచి చెబుతాను. ఉద్గారాల లెక్కను బయటివాళ్లు తనిఖీ చేస్తారన్న భయంతో మీటర్లు బాగవుతాయి, వృథాగా పోయే వేడితో కరెంటు తయారుచేసే ప్రతిపాదనలు బల్ల మీదికి వస్తాయి. ఇంతకుముందు ఎవరూ అడగని అంకెలను పై అధికారులు అడగడం మొదలుపెడతారు. కొలవడం మొదలైతే దాచడం కష్టమవుతుంది. ఆ అంకెలు ఊరికి కూడా తెలిస్తేనే పూర్తి మేలు.

నాగర్‌కర్నూల్_న్యాయవాది
ఇక పని విషయం. నోటీసు నాటి నుంచి కనీసం 30 రోజులు గడువు ఉండాలి. ముసాయిదా పర్యావరణ నివేదిక సారాంశం తెలుగులో ఉంటుంది. కలెక్టరేట్‌లో, పంచాయతీలో అడిగి చదవండి. అభ్యంతరాలు కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఇచ్చి ముద్ర వేయించుకున్న నకలు దగ్గర ఉంచుకోండి. సేకరణ రోజు మాట్లాడిన ప్రతి మాట మినిట్స్‌లో, అంటే సమావేశం నమోదులో, రావాలి, చివర్లో వాటిని తెలుగులో చదివి వినిపించమని కలెక్టర్‌ను లేదా ఆయన ప్రతినిధిని అడగండి.

ఇంకొకటి. కార్బన్ క్రెడిట్ల డబ్బు కంపెనీల మధ్య తిరుగుతుంది, మీ పంచాయతీకి పైసా రాదు. మీకు చట్టప్రకారం రావలసింది జిల్లా ఖనిజ నిధి. సున్నపురాయి లీజు 2015 జనవరి 12కు ముందుదైతే రాయల్టీలో 30 శాతం, తరువాత వేలంలో ఇచ్చినదైతే 10 శాతం ఆ నిధికి జమ కావాలి. గని ప్రభావిత గ్రామాల జాబితాలో మీ ఊరుందో లేదో, ఏటా ఎంత ఖర్చు పెట్టారో సమాచార హక్కు కింద అడగండి.

సున్నపురాయి_సీమ
ఇంతవరకు విన్నదాన్ని బట్టి ఇలా రాద్దామనుకుంటున్నాను, చూడండి.

"కార్బన్ క్రెడిట్ పథకం టన్ను ఉత్పత్తికి లెక్క మాత్రమే. రెండో లైను వచ్చాక ఫ్యాక్టరీ మొత్తం కార్బన్ డయాక్సైడ్ ఏటా ఎంత అవుతుందో నివేదికలో రాయాలి. ధూళి, శబ్దం, పేలుళ్ల విషయంలో ఆ పథకాన్ని జవాబుగా చూపకూడదు. పొగ గొట్టాల నిరంతర కొలతలను గేటు దగ్గర తెలుగు బోర్డు మీద చూపాలి. సున్నపురాయి, బూడిద, సిమెంట్ రవాణాకు రైలు మార్గం వేసేదాకా రాత్రి లారీలు ఊరి మధ్య నుంచి పోకూడదు. లక్ష్యాన్ని క్రెడిట్లు కొని కాకుండా ఇక్కడే యంత్రాలు మార్చి ఎంతవరకు చేరుకుంటారో ఏటా గ్రామసభకు చెప్పాలి."

జడ్చర్ల_జంక్షన్
చివరి వాక్యం అన్నింటికంటే బాగుంది. దాన్ని మొదట పెట్టండి.

లెక్కల_మాస్టారు
నా సవరణ ఒకటే. "ఎంతవరకు చేరుకుంటారో" బదులు "కొన్న క్రెడిట్లు ఎన్ని, అమ్మిన క్రెడిట్లు ఎన్ని" అని అడగండి. సంఖ్య అడిగితే తప్పించుకోలేరు.

పాలమూరు_పాఠాలు
మీ ఊరి ఆడవాళ్ల చేత కూడా మాట్లాడించండి. రోజూ ఆ దుమ్ము ఊడ్చేది, ఆరేసిన బట్టలు మళ్లీ ఉతికేది వాళ్లు.

కిల్న్_పక్కన
ఒక ప్రశ్న చేర్చండి, ఇది ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకే తడుతుంది. రెండో లైనులో తయారయ్యే క్లింకర్‌ను ఇక్కడే సిమెంట్ చేస్తారా, వేరే ఊళ్ల గ్రైండింగ్ యూనిట్లకు పంపుతారా? పంపితే రాయి కాల్చిన పొగ మీ దగ్గర, బూడిద కలిపి అమ్మే సిమెంట్ ఇంకో చోట. లక్ష్యం లెక్క ఏ యూనిట్ పేరు మీద వేస్తారో, ఎన్ని టన్నుల క్లింకర్ బయటికి పోతుందో రాతపూర్వకంగా చెప్పమనండి.

సున్నపురాయి_సీమ
చేర్చాను. సోమవారం సర్పంచ్, ఇద్దరు వార్డు సభ్యులు, మహిళా సంఘం వాళ్లతో కలిసి ఇచ్చి వస్తాం. ముద్ర వేసిన నకలు ఇక్కడ పెడతాను.